ఊరు తెలియనివాడు వెతికేటప్పుడు

‘మమ్మల్ని తెలియనివాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారు?’ మ్యాపులో అంగడి పెట్టుకోమని చెబితే చిన్న వ్యాపారి నోట మొదట వచ్చే మాట ఇది. అందులో అబద్ధమేమీ లేదు. కడప వై.వి. స్ట్రీటులో ముప్పై ఏళ్లుగా ఉన్న అంగడికి ఆ వీధి మనుషుల కోసం మ్యాపు అక్కర్లేదు. అయితే తెలిసినవాడు వెతకడు, నేరుగా వచ్చేస్తాడు. వెతికేది తెలియనివాడు. తల్లిని రిమ్స్‌లో చేర్పించి రాత్రి తొమ్మిదిన్నరకు మందుల అంగడి కోసం ఫోన్ తీసిన రాయచోటి వైపు మనిషి, ఒంటిమిట్ట కల్యాణానికి వచ్చి కడపలో గది చూసుకునే కుటుంబం, పెద్ద దర్గా ఉరుసుకు తమిళనాడు నుంచి వచ్చి పొద్దున్నే టిఫిన్ ఎక్కడ దొరుకుతుందా అని చూసేవాళ్లు, బదిలీ మీద వచ్చి నెల కూడా కాని ఉద్యోగి. వీళ్లెవరి చెవినా మీ ముప్పై ఏళ్ల మంచిపేరు పడలేదు. వాళ్ల చేతిలో ఉన్నది అరచేతి వెడల్పు తెర, అందులో మ్యాపు కింద మొదట కనపడేవి సాధారణంగా మూడే పేర్లు. ఆ మూడింటిలో లేని అంగడి వాళ్ల వరకు ఊళ్లో లేనట్టే. తెలిసినవాళ్లు కూడా ఈమధ్య బండి తీసే ముందు ‘ఇప్పుడు తెరిచి ఉందా’ అని ఒకసారి ఫోన్లో చూసుకుంటున్నారు.

గూగుల్ ఈ వరుసను ఎలా పెడుతుందన్నది రహస్యమేమీ కాదు. లెక్క లోపలి సూత్రాలు బయటపెట్టకపోయినా, చూసేది మూడు సంగతులని తన సహాయ పేజీల్లోనే రాసింది. అడిగినదానికీ అంగడికీ పొంతన ఎంత, అడిగినవాడికి అంగడి ఎంత దూరం, ఆ అంగడికి పదిమందిలో పేరు ఎంత. డబ్బు కట్టించుకుని ఈ వరుసలో పైకి జరపడం ఉండదని కూడా అక్కడే చెప్పింది. ప్రకటన కొనుక్కోవచ్చు కానీ అది ప్రకటన అన్న ముద్రతో వేరుగా కనిపిస్తుంది. ఈ మూడింటినీ చిన్న అంగడి వైపు నుంచి చూడండి. దూరం మీ చేతిలో లేదు, అంగడి ఉన్నచోట ఉంది. పేరు రావడానికి కాలం పడుతుంది. పొంతన మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉంది, పైసా ఖర్చు లేదు, ఒక సాయంత్రం కూర్చుంటే చాలావరకు తెమిలిపోతుంది. అయినా మన చిన్న ఊళ్లలో ఖాళీగా ఉండేది అదే. వేళలు లేవు, ఫోన్ నంబరు పాతది, ఫొటో ఎవరో దారిన పోయేవాళ్లు తీసింది. ఆ ఖాళీని అలాగే ఉంచి, పేరును అడ్డదారిలో కొనడానికి డబ్బు పోస్తారు. నా వాదన ఇక్కడే మొదలవుతుంది: వెతుకులాటలో పైకి రావడానికి చిన్న అంగడి చేయగలిగిన పని దాదాపు అంతా తన గురించి ఉన్నది ఉన్నట్టు, ఎక్కడ చూసినా ఒకేలా చెప్పడమే.

మొదటి మెట్టు ప్రొఫైల్‌ను మీదిగా చేసుకోవడం. 2014లో గూగుల్ మై బిజినెస్ పేరుతో వచ్చి, 2021 నవంబరు నుంచి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అని పిలుస్తున్నది ఇదే. మీరు పెట్టకపోయినా మీ అంగడి అందులో ఇప్పటికే ఉండొచ్చు, ఎవరో వాడుకరి చేర్చి ఉంటాడు. కొత్తది పెట్టే ముందు ఉన్నదాన్ని వెతికి, దాన్నే మీదని చెప్పుకోండి. లేకపోతే ఒకే అంగడికి రెండు పిన్నులు తయారై, రివ్యూలు రెండు చోట్ల చీలిపోతాయి. ఆ తర్వాత అంగడి నిజంగా మీదేనని రుజువు చూపాలి. ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. కత్తిరింపులు లేకుండా ఒక్కపట్టున తీయాలి, కనీసం అర నిమిషం ఉండాలి. వీధి కనపడేలా మొదలుపెట్టండి, పక్క అంగడి బోర్డో, వీధి పేరున్న పలకో తెరలో పడనివ్వండి. అక్కడినుంచి మీ బోర్డు మీదికి రండి. మీ చేత్తో తాళం తీసి షట్టరు పైకెత్తి, లోపలి సరుకు, బిల్లులు రాసే చోటు చూపించండి. తాళం తీయడం చిన్న సంగతిలా ఉంటుంది కానీ, ఆ వీడియోలో మీరు యజమాని అని చెప్పే సాక్ష్యం అదే. మూసిన షట్టరు బయట నిలబడి బోర్డును మాత్రం తీసి పంపితే, అది దారిన పోయే ఎవరైనా తీయగలిగిన వీడియో.

పేరు దగ్గర మన ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మన అంగళ్ల పేర్లు చాలావరకు దేవుళ్ల పేర్లు, పీర్ల పేర్లు, పెద్దల పేర్లు. శ్రీ వెంకటేశ్వర, లక్ష్మీ, సాయి, అమీన్ అన్న పేర్లతో ఒక్కో ఊళ్లో ఎన్ని అంగళ్లు ఉంటాయో లెక్కపెట్టలేం. దేవుని కడప ఉన్న ఊళ్లో వెంకటేశ్వరస్వామి పేరు పెట్టుకోకుండా ఎలా ఉంటారు? కానీ వెతికేవాడికి ఆ పేరు మిమ్మల్ని పక్కవాడి నుంచి విడదీసి చూపదు. ఇది తెలిసిన కొందరు మ్యాపులో పేరు పక్కనే ‘కడపలో బెస్ట్ ఎలక్ట్రికల్స్ ఫ్యాన్లు మోటార్లు రిపేరు’ అని చేంతాడంత తగిలిస్తారు. పేరు బోర్డు మీద, లోకంలో ఎలా ఉందో మ్యాపులోనూ అలాగే ఉండాలని గూగుల్ నియమం. తోక తగిలించిన పేరు మీద ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు, ప్రొఫైలే ఆగిపోవచ్చు. ‘ఎదురంగడివాడు పెట్టుకున్నాడు, పైకి వస్తున్నాడు కదా’ అంటారా? కొన్నాళ్లు వస్తాడు, నిజమే. పేరులోని మాటలకు వెతుకులాటలో బరువుంది. కానీ ఆ లాభం ఒక్క ఫిర్యాదు దూరంలో ఉంది, పోయిన రోజు రివ్యూలతో సహా కనపడకుండా పోతాడు. నియమంలోనే నిక్కమైన దారి ఒకటుంది. మీరు చేసే పని పేరులో కనపడాలంటే ముందు బోర్డు మార్చండి. ‘శ్రీ వెంకటేశ్వర’ కింద ‘మోటారు వైండింగ్ వర్క్స్’ అని పెయింటరుతో రాయించి, బిల్లు పుస్తకం మీద అదే అచ్చు వేయించి, ఆ తర్వాత మ్యాపులో పెట్టండి. అప్పుడది మీ పేరే.

ఊరి పేరు విషయంలో కడపవాళ్లకు ఇంకో పని కూడా ఉంది. బ్రిటిష్ వాళ్ల నాటి నుంచి సి, యు, రెండు డిలతో రాస్తూ వచ్చిన ఇంగ్లీషు అక్షరక్రమం 2005లో కె అక్షరంతో మొదలయ్యే ఇప్పటి రూపానికి మారింది. జిల్లా పేరు 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప జిల్లా అయింది. ఇరవై ఏళ్లు దాటిన అంగడి కాగితాల్లో ఈ రూపాలన్నీ తలా ఒకచోట ఉంటాయి. లైసెన్సులో ఒకటి, జీఎస్టీలో ఒకటి, జస్ట్ డయల్‌లో ఇంకొకటి, ఫేస్‌బుక్ పేజీలో మరొకటి. ఊరికి రెండు అక్షరక్రమాలున్నాయని యంత్రానికి తెలుసు. మీ అంగడి పేరు, డోరు నంబరు, వీధి, ఫోన్ నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉంటే మాత్రం ఇవన్నీ ఒకే అంగడివని అది ధైర్యంగా అనుకోలేదు. సాక్షులు తలా ఒక మాట చెబితే ఏ పెద్దమనిషి నమ్ముతాడు? ఒక కాగితం మీద పేరు, చిరునామా, ఫోన్ మీకు కావలసిన రూపంలో ఒకేసారి రాసుకోండి. అక్షరం, చుక్క, పిన్‌కోడు తేడా లేకుండా ప్రతిచోటా అదే పెట్టండి. మన చిరునామాల్లో ‘దర్గా వెనక’, ‘ఏడు రోడ్ల దగ్గర’, ‘పాత బస్టాండు ఎదురు సందు’ అన్న గుర్తులు తప్పవు, అవి ఉండాలి కూడా. అయితే గుర్తును నమ్ముకుని పిన్నును ఎక్కడో నడిరోడ్డు మీద వదిలేయకండి. మ్యాపును పెద్దది చేసి, పిన్నును మీ గుమ్మం మీదికే లాగి పెట్టండి.

పొంతనలో అన్నిటికన్నా బరువైనది విభాగం. గూగుల్ దగ్గర దాదాపు 4,000 విభాగాలున్నాయి. అందులో ఒకటి ప్రధానంగా, ఇంకో తొమ్మిది వరకు అదనంగా ఎంచుకోవచ్చు. ‘రెస్టారెంట్’ అని పెట్టుకుంటే ఊళ్లోని బిర్యానీ హోటళ్లన్నిటితో పోటీ. మీరు పొద్దున ఇడ్లీ, దోశ మాత్రమే పెట్టే టిఫిన్ సెంటరైతే ఆ పనికి దగ్గరగా ఉన్న విభాగాన్నే ప్రధానంగా ఎంచుకోండి. ‘ఎక్కువ విభాగాలుంటే ఎక్కువమందికి కనపడతాం కదా’ అన్న ఆశ పనిచేయదు, చేయని పనిని మీ ఖాతాలో రాసుకుంటే వచ్చినవాడు తిట్టుకుంటూ వెళ్లి రివ్యూ రాస్తాడు. ఆ తర్వాత మాటల సంగతి. మనం బొరుగులు అంటాం, కోస్తా నుంచి వచ్చినవాడు మరమరాలు అంటాడు. ఉగ్గాని అని మనం రాస్తే చాలదు, దాన్ని ఎప్పుడూ తినని మనిషి ‘మరమరాల ఉప్మా’ అని వెతకొచ్చు. మన ఎర్రగడ్డ వాళ్లకు ఉల్లిపాయ, మన సంగటి కర్ణాటకవాళ్లకు ముద్ద. ప్రొఫైల్ వివరణకు 750 అక్షరాల చోటుంది. అందులో మన మాట, బయటివాళ్ల మాట రెండూ సహజంగా పడేలా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నాలుగు వాక్యాలు రాసుకోండి. వివరణే మిమ్మల్ని పైకి లాగుతుందని అనను, కానీ మీరు దొరికిన తర్వాత వచ్చినవాడికి అర్థమయ్యేది దాంతోనే. మెనూ, ఫొటోలు, రివ్యూల్లో పడే మాటలు ఇంకా బాగా పనిచేస్తాయి. ‘కారం దోశ’ అని వెతికితే, ఆ మాట ఎవరో రివ్యూలో రాసిన అంగడి కింద ఆ వాక్యాన్నే గూగుల్ చూపించడం మీరూ గమనించి ఉంటారు. తెలుగులో మాట్లాడి వెతకడం 2017 నుంచే ఉంది. ఇంగ్లీషులో ఉన్న పేర్లను తెలుగు లిపిలోకి తెచ్చుకునే ఏర్పాటు 2021లో మ్యాపుకు వచ్చింది. టైపు చేయడం రాని పెద్దాయన కూడా ఫోన్లో నోటితో అడుగుతున్నాడు, ఆయన అడిగేది మన మాటల్లోనే.

వేళల గడి చాలామంది లెక్కచేయనిది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది. అడిగిన సమయానికి తెరిచి ఉన్న అంగళ్లకు వరుసలో ప్రాధాన్యం పెరిగిందని 2023 డిసెంబరులో గూగుల్ తరఫున ఆ సంస్థ ప్రతినిధి డానీ సలివన్ ఒప్పుకున్నాడు. అంతకుముందే వ్యాపారులు ఆ సంగతి గమనించి గగ్గోలు పెట్టారు, మూసే వేళ దాటగానే తమ పేరు జారిపోతోందని. వెంటనే కొందరు ‘24 గంటలు’ అని పెట్టేయడం మొదలుపెట్టారు, అలా చేయొద్దని గూగుల్ చెప్పింది. నియమం సంగతి అటుంచండి, రాత్రి పదకొండింటికి జబ్బు మనిషితో వచ్చి మూసిన షట్టరు చూసినవాడి కోపాన్ని ఏ ర్యాంకూ పూడ్చదు. ఉన్న వేళలే పెట్టండి, కానీ పూర్తిగా పెట్టండి. మన టిఫిన్ సెంటర్లు పొద్దున ఆరింటి నుంచి పదకొండు దాకా, మళ్లీ సాయంత్రం ఐదింటి నుంచి తొమ్మిది దాకా నడుస్తాయి. ఒకే రోజుకు రెండు వేళలు చేర్చే వీలు ఆ గడిలోనే ఉంది. అది తెలియక ‘6 నుంచి 9’ అని ఒకటే పెట్టినవాళ్లు మధ్యాహ్నం రెండింటికి వచ్చే మనిషిని మోసం చేస్తున్నట్టే, ‘6 నుంచి 11’ అని ఆపేసినవాళ్లు సాయంత్రం గిరాకీని తలుపు వేసి పంపేస్తున్నట్టే.

‘ఇదంతా చేస్తే నేను మొదటి స్థానంలోకి వస్తానా?’ అన్నది న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం మీ అంగడి ఎక్కడుందన్నదాన్ని బట్టి ఉంటుంది. అసలు మొదటి స్థానం అనేది ఒకటి లేదు. ఏడు రోడ్ల దగ్గర నిలబడి వెతికితే వచ్చే వరుస వేరు, ఎర్రముక్కపల్లెలో వెతికితే వచ్చే వరుస వేరు. మీ గల్లాపెట్టె దగ్గర కూర్చుని వెతుక్కుంటే మీరే మొదట కనపడతారు, ఆ సంబరం నిజం కాదు. ఊరి నాలుగు మూలల్లో ఉన్న చుట్టాలను వాళ్ల ఫోన్లలో, మీ పేరుతో కాక మీ సరుకు పేరుతో వెతకమనండి. హైవే పక్కన ఒంటరిగా ఉన్న పంక్చరు అంగడికి దూరమే రాజు, దానికి పిన్ను, ఫోన్ నంబరు, వేళలు సరిగ్గా ఉంటే దాదాపు చాలు. రెండో ముంబై అని పేరుపడ్డ ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల సంగతి పూర్తిగా వేరు. ఒకే వీధిలో ఒకే సరుకు అమ్మే అంగళ్లు బారులు తీరినచోట దూరం అందరికీ సమానమై చెల్లిపోతుంది. మిగిలేది పొంతన, పేరు. పైగా పక్కపక్కనే ఉన్న ఒకే రకం వ్యాపారాల్లో కొన్నిటిని మొదటి చూపులో దాచిపెట్టే పద్ధతి 2016 సెప్టెంబరు నుంచి ప్రస్ఫుటంగా కనపడుతోంది. బతికి ఉన్నా చచ్చినట్టు పడి ఉండే ఒక జంతువు పేరు మీద, ఈ పనిలో ఉన్నవాళ్లు దానికి ‘పోసమ్’ అని పేరు పెట్టారు. సరుకు వారీగా వీధులున్న మన రాయలసీమ బజార్లలో ఇది గట్టిగా తగులుతుంది. అందరూ ‘జ్యూయలరీ’ అని పెట్టుకున్న వీధిలో పాత నగలకు మెరుగు పెట్టే పని, చెవులు కుట్టే పని, వెండి సామాను అని విడమరిచి చెప్పినవాడు ఆ మాటలతో వెతికేవాడికి విడిగా కనపడతాడు.

ఇక పేరు, అంటే రివ్యూలు. ‘ఎంత చేసినా పెద్ద అంగళ్లే పైన ఉంటాయి’ అన్న నిరాశకు సాక్ష్యాలతో జవాబు ఉంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైకేల్ లూకా 2011లో ఒక అధ్యయనం వెలువరించాడు. అమెరికాలో సియాటిల్ హోటళ్ల ఆదాయాన్నీ, యెల్ప్ అనే సైటులో వాటికి వచ్చిన స్టార్లనూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒక స్టారు పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగిందని తేలింది. అంతకన్నా మనకు పనికొచ్చేది రెండో ఫలితం. ఆ లాభం సొంతంగా నడుపుకునే హోటళ్లదే, ఊరూరా శాఖలున్న హోటళ్లకు స్టార్లతో పెద్ద తేడా రాలేదు. సియాటిల్ ఎక్కడ, కడప ఎక్కడ అని మీరు అనొచ్చు. ఆ శాతాలు ఇక్కడికి అలాగే దిగవు, కారణం మాత్రం ఇక్కడా అదే. పెద్ద సంస్థలో ఏం దొరుకుతుందో బయటి ఊరివాడికి ముందే తెలుసు, మీ దగ్గర ఏం దొరుకుతుందో తెలియదు. తెలియనిదాని గురించే మనిషి పదిమందిని అడుగుతాడు. అంటే రివ్యూలు పెద్దవాడి ఆయుధం కన్నా చిన్నవాడి ఆయుధమే ఎక్కువ.

కాబట్టి అడగండి. బిల్లు ఇచ్చేటప్పుడు ‘తిన్నది ఎలా ఉందో ఫోన్లో నాలుగు మాటలు రాయండి సార్, తెలుగులోనైనా పరవాలేదు’ అనడంలో తప్పు లేదు, నియమాలూ ఒప్పుకుంటాయి. రాస్తే కాఫీ ఉచితం అనడం ఒప్పుకోవు. నవ్వుతూ వెళ్లేవాళ్లను మాత్రం ఏరి అడగడం కూడా ఒప్పుకోవు. ‘ఎవడో ఒకడు చెడ్డగా రాస్తే?’ రాస్తాడు. దోశ చల్లారిపోయిందని, అరగంట కూర్చోబెట్టారని రాస్తాడు. దాని కింద ‘మా మీద కక్షతో రాశావు’ అని పోట్లాడితే, ఆ పోట్లాటను తర్వాత వచ్చే ప్రతివాడూ చదువుతాడు. ‘ఆదివారం పొద్దున ఒకే పెనం మీద పోస్తున్నాం, ఆలస్యమైంది, క్షమించండి. ఈసారి వస్తే కౌంటరు దగ్గర నాతో ఒక మాట చెప్పండి’ అని రాస్తే చదివేవాడు మీ వైపు నిలబడతాడు. ట్రిప్‌అడ్వైజర్ అనే సైటులో రివ్యూలకు జవాబులు రాయడం మొదలుపెట్టిన, గదులు అద్దెకిచ్చే అమెరికా హోటళ్లను పరిశీలించి ప్రొసెర్పియో, జెర్వాస్ అనే ఇద్దరు పరిశోధకులు 2017లో ఒక పత్రం ప్రచురించారు. జవాబులు మొదలయ్యాక వచ్చే రివ్యూలు 12 శాతం పెరిగాయి, సగటు రేటింగు 0.12 స్టారు పెరిగింది. యజమాని చదువుతున్నాడని తెలిస్తే నోటికొచ్చింది రాసేవాడు ఒక క్షణం ఆగుతాడన్నది వాళ్ల వివరణ. మన ఊళ్లో ముఖాముఖి మర్యాద పనిచేసేది కూడా సరిగ్గా అలాగే.

అడ్డదారి గురించి గట్టిగానే చెప్పాలి. ‘మేం గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, ఇంత కడితే మొదటి స్థానం గ్యారంటీ’ అని ఫోన్ చేసేవాళ్లకు డబ్బు ఇవ్వకండి, ఓటీపీ అంతకన్నా చెప్పకండి. ప్రొఫైల్ ఉచితం, స్థానానికి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు, ఓటీపీ చెబితే మీ అంగడి తాళంచెవి ఇచ్చినట్టే. వందకు ఇన్ని అని రివ్యూలు అమ్మేవాళ్లు ఉన్నారు. 2023 ఒక్క ఏడాదిలోనే నియమాలకు విరుద్ధమైన 17 కోట్లకు పైగా రివ్యూలను అడ్డుకోవడమో తీసేయడమో చేశామని గూగుల్ ప్రకటించింది. మన బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. అది స్వచ్ఛందమే అయినా, కొన్న రివ్యూలు, డబ్బిచ్చి రాయించినవి పనికిరావని అందులో ఉంది. యంత్రం పట్టుకుంటుందా లేదా అన్నది పక్కన పెట్టినా, ఊళ్లో ఎవరూ పట్టుకోరా? ఎప్పుడూ కడప మెట్టనివాళ్లు ఇరవైమంది ఒకే వారంలో మీ హోటలుకు అయిదు స్టార్లు ఇచ్చారంటే పక్క వీధివాడికి అర్థం కాదా? ఎంతో కష్టపడి సంపాదించుకున్న నిజమైన రివ్యూల మీద కూడా ఆ అనుమానం పడుతుంది, నాకు బాధ కలిగించేది అది.

అన్ని వ్యాపారాలకూ ఈ మ్యాపు ఒకేలా పనికిరాదని కూడా ఒప్పుకోవాలి. కడప బండలు, నాపరాళ్లు అమ్మేవాడికి కొనేవాడు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటాడు. అక్కడ కూర్చుని వెతికేవాడికి కడప దూరం, కాబట్టి మ్యాపు వరుసలో మీరు రారు. మీకు కావలసింది బండల కొలతలు, మందాలు, నిజమైన ఫొటోలు ఉన్న ఒక సొంత పేజీ. ఊరి పేరు మారి ఇరవై ఏళ్లయినా రాళ్ల వ్యాపారంలో పాత ఇంగ్లీషు అక్షరక్రమమే ఇప్పటికీ నడుస్తోంది, ఆ పేజీలో ఆ రూపం తప్పకుండా ఉండాలి. చిరునామాలో వదిలేసిన పాత రూపం సరుకు పేరులో పనికొస్తుంది. ఇళ్లకు వెళ్లి పనిచేసే ప్లంబరు, ఏసీ మెకానిక్కు అయితే ఇంటి చిరునామా దాచిపెట్టి, తిరిగే ప్రాంతాలు మాత్రం చూపించుకోవచ్చు.

ఒకసారి పెట్టి మరిచిపోతే ఇదంతా ఆరు నెలల్లో పాతబడుతుంది. రంజాన్ నెలలో కడప బజారు వేళలన్నీ తారుమారవుతాయి. కొన్ని హోటళ్లు పగలు మూసి రాత్రి తెల్లవార్లూ నడుస్తాయి, బట్టల అంగళ్లు అర్ధరాత్రి దాకా తెరిచి ఉంటాయి. నెల మొదలయ్యే ముందు వారమే ప్రత్యేక వేళల గడిలో తేదీలతో సహా అవి నింపండి, పండగ తర్వాత మామూలు వేళలు వాటంతటవే వస్తాయి. సంక్రాంతికి మూడు రోజులు మూసినా అంతే. ఎవరైనా సరే మీ ప్రొఫైల్‌కు మార్పులు సూచించగలరు కాబట్టి, నెలకోసారి తెరిచి ఎవరైనా ఏదైనా మార్చారేమో చూసుకోండి. అంగడి ఇంకో వీధికి మారితే కొత్త పిన్ను పెట్టకండి, పాత ప్రొఫైల్‌లోనే చిరునామా మార్చండి, మళ్లీ వీడియో అడిగినా సరే. ఇన్నేళ్ల రివ్యూలు దాంతోనే వస్తాయి. మారిన వారంలో ఎవరో ఒకరు పాత చోటికే వెళ్లి, మూసిన షట్టరు ముందు నిలబడి, ప్రొఫైల్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తారు. అందుకని ఆ నంబరు ఆ వారమంతా మీ జేబులోనే మోగాలి.